ఊరందరి బసవన్న

మా ఊళ్లో ఎవరి కొట్టానికీ చెందని, అందరి వాకిట్లోనూ కుడితి దొరికే ప్రాణి ఒకటి ఉండేది. మెడకి పలుపు లేదు, ముక్కుకి తాడు లేదు, కాడి మోయడం దానికి తెలియదు. ఊరి ఆంబోతు. పేరు బసవన్న. ఆ పేరు ఫలానావాళ్లు పెట్టారని ఏమీ లేదు. దానికి ముందు ఊళ్లో తిరిగినదీ బసవన్నే. నేను చెప్పబోయేది మాత్రం 1970లలో మా వీధుల్లో తిరిగిన బసవన్న గురించి. తెనాలికీ రేపల్లెకీ నడుమనున్న మా పల్లెలోనూ, కాలువ అవతలి రెండు మూడు ఊళ్లలోనూ ఒక తరం సేద్యమంతా దాని కొడుకుల మెడల మీదే సాగింది.

డెల్టా అనగానే అందరికీ వరి, గేదెపాలు గుర్తొస్తాయి. నిజమే, పాలకి మావైపు గేదెలే. 1855లో బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట పూర్తయి కాలవలు పారినప్పటినుంచీ ఈ నల్లరేగడిలో రైతు బతుకు వరిమడి చుట్టూనే తిరిగింది. ఆ మడి దున్నాలన్నా, దమ్ము చేయాలన్నా, ధాన్యం ఇంటికి చేర్చాలన్నా ఎద్దులు కావాలి. ఇంట్లో ఆవు ఉండేది ముఖ్యంగా ఆ కోడెదూడ కోసం. ఒంగోలు జాతి పుట్టిల్లు గుండ్లకమ్మ పరిసరాలే అయినా, ఆ జాతి సీమ ఎంతవరకని చెప్పేటప్పుడు ఒంగోలు, నరసరావుపేట, గుంటూరు తాలూకాలతో పాటు బాపట్ల తాలూకా పేరూ వస్తుంది. బాపట్ల వైపు ఇసుక నేలల్లో పశువుల మేపుకి బీళ్లు ఉండేవి. మా రేగడి పల్లెల్లో అంత మేపు లేదు, అయినా ఇంటికో ఆవు తప్పేది కాదు. ఆవు ఉన్న ప్రతి ఇంటికీ ఆంబోతుతో పని.

బసవన్న మా ఊరికి వచ్చిన తీరు నేను చూసింది కాదు, తాతయ్య నోట విన్నది. ఊళ్లో ఒక పెద్ద రైతు పోయారు. పదకొండో రోజు కర్మలో వృషోత్సర్జనం జరిపించాలని కొడుకులు అనుకున్నారు. చనిపోయినవారి పేరున ఒక కోడెకి అచ్చు వేసి వదిలిపెట్టడం అప్పటి ఆచారం. వదిలేది ఆ ఇంటివాళ్లే, పుణ్యం ఆ పోయినాయనదే. కానీ దాని దూడలు పుట్టేది అందరి కొట్టాల్లో. అందుకని ఏ కోడెను వదలాలన్న దగ్గర ఊరు కలగజేసుకునేది. ఇంట్లో ఉన్న బక్క దూడకి అచ్చు వేసి పుణ్యం కట్టేసుకుంటామంటే పెద్దలు ఊరుకునేవారు కాదు. నలుగురు కూర్చుని, నాలుగు కొట్టాలు తిరిగి, ఒక దూడను తేల్చేవారు. ఆ నలుగురిలో మా తాతయ్య ఒకరు.

ఆయన చెప్పిన వరస ఇది. ముందు తల్లిని చూడాలి. పాలు పిండే మనిషి మారినా కాలు విసరని ఆవై ఉండాలి. తరవాత దూడ నడక. వెనక గిట్ట ముందు గిట్ట వదిలిన అడుగుని దాటి పడాలి. గిట్టలు నల్లగా, చీలిక బిగువుగా ఉండాలి, ఎందుకంటే దమ్ములో గిట్ట విచ్చుకుపోయే ఎద్దు రెండేళ్లకే కుంటుతుంది. నడుము వాలకూడదు. సుడులు ఎక్కడెక్కడున్నాయో చూసుకోవాలి. అన్నీ అయ్యాక, ఆ దూడ ఎన్నడూ చూడని మనిషి ఒకడు ఎదురుగా వెళ్లి మూతి మీద చెయ్యి వేయాలి. "బెదిరితే బెదరనీరా, పిల్లది కదా. బెదిరిన దూడ మళ్లీ తనంతట తాను దగ్గరికొచ్చి వాసన చూస్తుందా లేదా, అదీ చూడాల్సింది" అనేవారాయన. బసవన్న బెదిరిందట. రెండు బారలు వెనక్కి పోయి, నిలబడి, తిరిగొచ్చి ఆ కొత్త మనిషి పైపంచె నమలడం మొదలుపెట్టిందట. బేరం అక్కడితో తెగిపోయింది.

ఎర్రగా కాల్చిన ఇనుముతో ఒక తొడ మీద శూలం, ఇంకో తొడ మీద చక్రం వేశారు. పసుపు రాసి, బొట్టు పెట్టి, వీధిలోకి వదిలారు. ఆ గడియ నుంచి దాన్ని అమ్మడానికి గాని, కట్టెయ్యడానికి గాని, కాడికి పెట్టడానికి గాని ఎవరికీ హక్కు లేదు. కొట్టడమన్న మాటే లేదు. ఊళ్లో మిగిలిన కోడెలన్నిటికీ వయసు రాగానే విత్తు కొట్టించి ఎద్దుల్ని చేసేవారు. కాబట్టి ఊరి ఆవులన్నిటికీ మగజాడ అదొక్కటే. పుస్తకం లేదు, శాఖ లేదు, అధికారి లేడు, అయినా జాతి నిలిచిందంటే ఈ కట్టుబాటు వల్ల నిలిచింది. మద్రాసు ప్రెసిడెన్సీలో పశుసంవర్ధక నిపుణుడిగా పనిచేసిన లిటిల్‌వుడ్ 1936లో దక్షిణ భారత పశుజాతుల మీద వేసిన పుస్తకంలో ఒంగోలు జాతికి పెద్దపీట వేశాడు. ఆ పశువుల్ని తయారుచేసింది మాత్రం ఇలా అరుగుల మీద కూర్చుని దూడల నడక చూసిన రైతులు.

నాకు ఊహ తెలిసేసరికి బసవన్నది నిండు వయసు. మూపురం మా నాన్న తల ఎత్తున ఉండేది. వెన్ను, పక్కలు తెల్లగా, తలా మెడా మూపురం బూడిద రంగులో ఉండేవి. మోకాళ్ల దగ్గర, తోక కుచ్చులో నలుపు. ఏళ్లు గడిచేకొద్దీ మూపురం మీది బూడిద రంగు చిక్కబడి దాదాపు నల్లబడింది. కొమ్ములు పొట్టివి, మొదట్లో లావు, కొసన మొద్దు. కంటి రెప్పల అంచున పుట్టుకతో వచ్చిన కాటుక రేఖ. గంగడోలు గడ్డం కింద మొదలై ముడతలు పడుతూ ముందుకాళ్ల మధ్యకి జారి, నడుస్తుంటే అటూ ఇటూ ఊగేది. ఆ ముడతల్లో వేళ్లు దూర్చి గోకితే బసవన్న తల పైకెత్తి, మెడ చాచి, కళ్లు సగం మూసి, కింది పెదవి వేలాడేసి నిలబడేది. ముడతల లోపల చర్మం వెచ్చగా, జిడ్డుగా, మెత్తగా ఉండేది. గోకడం ఆపితే తడిముట్టెతో మన మోచేతిని ఒక్కసారి నెట్టేది. మళ్లీ గోకితే మళ్లీ మెడ చాచేది. బడికి వెళ్లే పిల్లలం వంతులు వేసుకుని గోకేవాళ్లం.

దానికొక దినచర్య ఉండేది. తెల్లవారగానే కాలవ రేవులో నీళ్లు తాగేది. ఆడవాళ్లు బిందెలు ముంచుకుంటుంటే మెట్ల పైనే ఆగేది. అక్కణ్నించి కోమటిబజారు మీదుగా పడమటి వీధి. పడమటి వీధిలో మొదటిల్లు మాదే. నాయనమ్మ రాత్రి అన్నం వార్చిన గంజి, బియ్యం కడుగునీళ్లు, చిట్టు కలిపి గోలెంలో ఉంచేది. "వచ్చావా నాయనా, రా" అనేది. అది తాగి, గోలెం అడుగు నాకి, ఒక్క క్షణం ఆవిడ మొహంకేసి చూసి, పక్కింటికి కదిలేది. పండగ రోజుల్లో తెలగపిండి, సంక్రాంతికి కొత్తబియ్యంతో వండిన పొంగలి. ఎవరింట్లో శుభకార్యమైనా మొదటి విస్తరి దానికి. ఎవరూ దాన్ని పిలిచి మేపలేదు, ఎవరూ తరమలేదు. పస్తున్న రోజు మాత్రం లేదు.

చేలల్లో పడి మేసిన మాట వాస్తవమే. మావైపు వరి కోతకి ముందే మడిలో మినుము చల్లుతారు. పశువుల కోసం పిల్లిపెసర, జనుము కూడా అలాగే చల్లుకుంటారు. ఆ పచ్చటి మాగాణిలో బసవన్నకి మినుము ఏదో పిల్లిపెసర ఏదో పట్టింపు ఉండేది కాదు. కాపలా ఉన్న రైతు కర్ర పట్టుకోకుండా వెళ్లి, ఒక మోపెడు పిల్లిపెసర కోసి చూపిస్తూ గట్టు మీదికి నడిపించుకొచ్చేవాడు. తిన్నది తింది. దాని దూడే ఆ రైతు కొట్టంలోనూ ఉంటుంది. ఆ లెక్క అందరికీ తెలుసు.

అది ఎంత సాధువో చెప్పమంటే నేను కళ్లారా చూసింది ఒకటి చెబుతాను. వరి పొట్టమీదున్న రోజులు. చేలగట్టు సన్నం, రెండువైపులా నీళ్లు. ఒక ముసలమ్మ నెత్తిన పచ్చగడ్డి మోపుతో ఎదురొస్తోంది. మోపు కళ్ల మీదికి వాలి ఆవిడకి ముందున్నది కనిపించడం లేదు. ఇటునుంచి బసవన్న. నేను వెనకాల ఉన్నాను, అరవడానికి నోరు పెగల్లేదు. బసవన్న ఆగింది. మోపులోంచి రాలుతున్న గడ్డిపరకల వాసన దాని ముక్కుకి తగిలే ఉంటుంది, చెవులు ముందుకి నిక్కాయి. అయినా మోపుకి నోరు పెట్టలేదు. మెల్లగా కుడిపక్కకి ఒక కాలు, ఆ తరవాత ఇంకో కాలు మడిలోకి దించింది. మోకాలి లోతు బురదలో ఒరిగి నిలబడింది. ముసలమ్మ దాని పక్క రాసుకుంటూ దాటిపోయింది. తాకినప్పుడు చేత్తో తడిమి, "నువ్వా అయ్యా" అని, నడక ఆపకుండానే వెళ్లింది. బసవన్న గట్టెక్కి, కాళ్లు దులుపుకుని, తన దారిన తను నడిచింది. అంత బరువున్న జంతువు వరిదుబ్బులు మహా అయితే నాలుగు తొక్కి ఉంటుంది.

ఆ మంచితనం దేవుడిచ్చిందని నాయనమ్మ అనేది. తాతయ్య ఒప్పుకునేవారు కాదు. ఊరు ఏరుకున్నదనేవారు. పొడిచే కోడె ఎంత అందంగా ఉన్నా ఆంబోతుగా నిలవదు. ముందు తరంలో అలాంటిది ఒకటి తేలితే, వదిలిన ఏడాదికే పెద్దలు మళ్లీ కూర్చుని దాన్ని మార్చారట. అలా తరానికొకటి చొప్పున సాధువైనదే నిలుస్తూ వస్తే, ఆ గుణం ఊరి పశువులన్నిటిలోకీ ఇంకింది. పశువు స్వభావం కొంతమేర తల్లిదండ్రుల నుంచి వస్తుందన్నది తరవాత శాస్త్రజ్ఞులూ కొలిచి చెప్పిన విషయమే. దానికి తోడు, పుట్టిన దగ్గర్నుంచీ కర్రదెబ్బ ఎరగని జంతువు అది. తలుచుకుంటే గోడలు కూల్చగల బలాన్ని ఊరి పిల్లల నడుమ అలా వదిలెయ్యడానికి ఊరికి ఎంత ధైర్యం కావాలి, ఆ జంతువుకి మనుషుల మీద ఎంత నమ్మకం ఉండాలి!

ఆవు ఎదకొచ్చి అరుస్తుంటే రైతు దాన్ని తోలుకుని చెరువు గట్టుకి వెళ్లేవాడు. చాలాసార్లు అవసరం లేకుండానే బసవన్నే ఆ వాసన పట్టి ఇంటి ముందుకొచ్చి నిలబడేది. ఆ సమయంలో పిల్లల్ని లోపలికి పొమ్మనేవారు. మేం కిటికీల్లోంచి చూసేవాళ్లం, అది వేరే సంగతి. ఆవు ఒప్పుకునేదాకా దాని పక్కనే నడుస్తూ, గంటల తరబడి మేత కూడా మానేసేది గాని, కొమ్ము విసరడం ఎవరూ చూడలేదు. తొలిచూలు పెయ్యల్ని కూడా రైతులు నిశ్చింతగా దాటించేది అందుకే. దానికి రుసుమేమీ లేదు. ఆవు చూడి కట్టిందని తేలాక ఒక రోజు గోలెంలో కుడితి కాస్త చిక్కగా ఉండేది, అంతే. తొమ్మిది నెలల పైచిలుకు ఆగితే కొట్టంలో ఇంకో తెల్లటి ప్రాణి.

పక్కవీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. చదువు సంతకం దాకానే. ఊళ్లో ఏ దూడ ఏ ఆవుకి, ఏ కారులో, ఏ ఆంబోతుకి పుట్టిందో మూడు తరాలు వెనక్కి చెప్పగలిగేవారు. "ఇది మీ చుక్కావు కూతురి కూతురు. దాని అమ్మమ్మని పాత బసవన్న దాటింది" అనేవారు. ఆయన మాట మీద పెళ్లిసంబంధాల్లాగే పశువుల సంబంధాలు ఆగేవి, సాగేవి. బసవన్న కూతుళ్లు ఎదకొచ్చే వయసు వచ్చేసరికి వాటిని కాలువ దాటించి పొరుగూరి ఆంబోతు దగ్గరికి తోలుకెళ్లమని చెప్పింది ఆయనే. అక్కడి ఆవులు మా ఊరికి వచ్చేవి. అలా బసవన్న సంతతి ఊళ్లు దాటింది.

బసవన్న కొడుకుల్ని నడకలోనే పట్టుకోవచ్చనేవారు. దాపటికి ఒకటి, వలపటికి ఒకటి కడితే కాడి ఒకవైపుకి వాలేది కాదు. జూన్‌లో కాలవలకి నీళ్లు వదిలాక రెండు నెలల పాటు మావైపు ఎద్దుకి ఊపిరాడని పని. మోకాటి లోతు రేగడిలో దమ్ము చేస్తుంటే కాలు పీకి కాలు వెయ్యడమే గొప్ప. కంగారుపడే ఎద్దు అక్కడ తన్నుకుని కూలబడిపోతుంది. బసవన్న కొడుకులు ఒక్కొక్క అడుగూ పీకి, నిలదొక్కుకుని, ఇంకొకటి వేసేవి. చెర్నాకోల అలంకారానికే. డిసెంబరులో కోతలయ్యాక కుప్ప నూర్పిళ్లకి బంతి కట్టినప్పుడు, గుంజ దగ్గర నడిచే పశువుగా బసవన్న కొడుకునే పెట్టేవారు. ఉన్నచోటే తిరుగుతూ గంటలు గంటలు విసుక్కోకుండా నడవాలి కాబట్టి. ధాన్యం బస్తాలతో తెనాలి మిల్లులకి బండ్లు వెళ్లేవి. కాలవకట్ట మీది దారి ఒకవైపు నీళ్లు, ఒకవైపు పల్లం. ఎదురుగా బస్సు హారన్ కొడుతూ వస్తే కొన్ని జోళ్లు బెదిరి బండిని పల్లంలోకి దించిన సంఘటనలు ఉన్నాయి. బసవన్న కొడుకుల్ని కట్టిన మా బండి ఎన్నడూ దిగలేదు. శివరాత్రికి గోవాడ తిరునాళ్లకి ప్రభ కట్టుకెళ్లినప్పుడు, మైకులూ తప్పెట్లూ జనం కేకలూ చుట్టుముట్టినా, ఆ జోడు చెవులు కదిపేవి గాని కాలు కదిపేవి కావు.

1977 నవంబరు 19. దివిసీమ ఉప్పెన అని లోకం చెప్పుకుంటుంది గాని, ఆ రోజు సముద్రం రేపల్లె, నిజాంపట్నం, బాపట్ల వైపు తీరాన్ని కూడా వదల్లేదు. పదివేలకు పైగా మనుషులు పోయారు, పశువులకి లెక్కే లేదు. మా ఊరికి కెరటం రాలేదు, గాలి వచ్చింది. తాటాకు కప్పులు లేచిపోయాయి. కొట్టాలు పశువుల మీద పడ్డాయి. జనం పిల్లల్ని ఎత్తుకుని శివాలయం రాతి మంటపంలోకి చేరారు. మా కంటే ముందే బసవన్న అక్కడ చేరి ఉంది. వానజల్లు కొట్టే వైపు అడ్డంగా పడుకుంది. దాని పక్కన ఆనుకుని కూర్చున్నవాళ్లలో నేనూ ఉన్నాను. తెల్లారేదాకా దాని కడుపులో నెమరు శబ్దం వీపుకి తగులుతూనే ఉంది.

ఆ తరవాతి వేసవికి దిగువ ఊళ్ల నుంచి రైతులు వచ్చారు. వాళ్ల ఊళ్లలో దున్నడానికి ఎద్దు లేదు, ఈనడానికి ఆవు లేదు. మా పెద్దలు రచ్చబండ దగ్గర కూర్చుని, బసవన్న దూడల్లో అరక పట్టే వయసున్నవాటిని, చూడి పెయ్యల్ని వాళ్లకి తోలిపెట్టాలని నిర్ణయించారు. డబ్బు పంట వచ్చాక. కొందరు ఇచ్చారు, కొందరు ఇవ్వలేకపోయారు, ఎవరూ అడగలేదు. మా ఇంట్లోంచి ఒక పెయ్య వెళ్లింది. దాని పలుపు వాళ్ల చేతికిస్తూ నాన్న, "దీన్ని కొట్టకండి, దీనికి దెబ్బ తెలీదు" అని చెప్పడం నాకు బాగా జ్ఞాపకం. చాలా ఏళ్లకి నేను ఉద్యోగం మీద ఆ తీరగ్రామాలకి వెళ్లినప్పుడు, ఒక ఇంటి ముందు తెల్లటి ఆవుని చూసి ఎక్కడిదని అడిగితే, "ఉప్పెన తరవాత పైనించి తెచ్చుకున్న సంతుదండీ" అన్నారు. ఆవు గంగడోలులో వేళ్లు పెట్టాను. మెడ చాచింది.

బసవన్న 1980ల మొదట్లో ఒక వేసవిలో వయసు మీరి పోయింది. మేళం పెట్టి, పసుపు నీళ్లు పోసి, కొత్తబట్ట కప్పి, చెరువు గట్టున పూడ్చారు. ఆ ఊరేగింపులో అన్ని వీధులవాళ్లూ నడిచారు.

కొత్త కోడెకి అచ్చు వేద్దామని మాటలు జరిగాయి. జరుగుతూ జరుగుతూ ఆగిపోయాయి. వదలడానికి కోడె ఉంది, వదిలే చోటు లేదు. బీళ్లు, పోరంబోకులు ఎవరి పట్టాల్లోకో పోయాయి. రేపల్లె, నిజాంపట్నం వైపు 1990ల నాటికి చేపల చెరువులు, రొయ్యల చెరువులు వచ్చాయి. మినుము మంచి ధర పలికే పంటయ్యాక, పరాయి పశువు చేలో పడితే నవ్వి ఊరుకునే రోజులు పోయాయి. దమ్ముకి ట్రాక్టరు వచ్చింది. కోతకి మిషను వచ్చింది. వరిగడ్డిని కూడా ఇప్పుడు యంత్రమే చుట్టలు చుట్టి లారీకెక్కిస్తోంది, వాములు కనబడడం లేదు. ఎద్దు చేసే పని లేనప్పుడు కోడెదూడ కోసం ఆవును పెంచే రైతు ఎక్కడుంటాడు? పాల కోసం ముర్రా గేదె, కొన్నాళ్లు జెర్సీ ఆవు. ఆవుని చూడి కట్టించడానికి పశువుల ఆసుపత్రిలో ఇంజెక్షను. ఒక్కొక్కసారి గోపాలమిత్ర ఇంటికే వచ్చి చేసి వెళ్తాడు.

ఆ ఇంజెక్షనును నేను తప్పుపట్టను. ఆంబోతు ఊరంతా తిరిగితే ఒక ఆవు రోగం ఇంకో ఆవుకి అంటుతుంది, ఈసుకుపోవడాలు దానివల్లా జరిగాయి. పావు మిల్లీలీటరు పట్టే సన్నటి గొట్టంలో రెండు కోట్ల వీర్యకణాలు, మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయి. బసవన్న ఏడాదికి మహా అయితే యాభై అరవై ఆవుల్ని చూడి కట్టించి ఉంటుంది. మంచి ఆంబోతు వీర్యంతో ఇప్పుడు ఏడాదికి వేల ఆవులు కడతాయి. గుంటూరు పక్కనే లాం ఫారంలో, ఒంగోలు దగ్గర చదలవాడలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ఒంగోలు జాతిని నిలబెట్టడానికి జరుగుతున్న పని చిన్నది కాదు. లాంలో ఒంగోలు పిండాల్ని వేరే ఆవుల గర్భంలో పెట్టి దూడల్ని పుట్టిస్తున్నారు. జాతి బతుకుతుంది. దాని గురించి నాకు బెంగ లేదు.

నిజానికి అది సముద్రాల అవతల మనకంటే బాగా బతుకుతోంది. ఒంగోలు పక్కన కరవది నుంచి 1960ల మొదట్లో ఒక ఆంబోతు బ్రెజిల్ వెళ్లింది. మధ్యలో ఫెర్నాండో డి నొరోన్యా దీవిలో రోగపరీక్షల కోసం ఆపి, ఆ తరవాత దేశంలోకి రానిచ్చారు. ఊరి పేరే దాని పేరైంది, కర్వాడి. దానితో పాటు ఆ రోజుల్లో వెళ్లిన గోదావరి, తాజ్‌మహల్, చెకురుపాడు వంటి ఆంబోతుల పేర్లు అక్కడి పశుపోషకులకి ఇప్పటికీ కంఠతా. 1904 దాకా ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది గనక అక్కడ ఆ జాతిని నెలోర్ అంటారు. ఆ దేశంలో పశువులు ఇరవై కోట్లకు పైమాట, వాటిలో ఎక్కువ భాగంలో ఉన్నది నెలోర్ రక్తం. 2023లో వియాటినా-19 అనే నెలోర్ ఆవు విలువ నలభై లక్షల డాలర్లు దాటి గిన్నిస్ పుస్తకానికెక్కింది. ఇండోనేసియాలో సుంబా ఒంగోలు ఉంది, అమెరికా బ్రాహ్మన్ జాతిలోనూ మన పశువు పాలు ఉంది. అక్కడ వాటిని మాంసం కోసం పెంచుతారన్నది నాలాంటివాడికి మింగుడుపడని నిజం. అయినా బ్రెజిల్‌లోని ఉబెరాబా పట్నంలో జెబు (మూపురం ఉన్న) పశువుల పోషకుల సంఘం దూడల తల్లినీ తండ్రినీ నమోదు చేసి ఉంచుతుందని చదివినప్పుడు మా పక్కవీధి పెద్దాయనే కళ్లముందు మెదిలారు. ఆయన పోయినప్పుడు మా ఊరి పశువుల వంశవృక్షం మొత్తం ఆయనతోనే పోయింది. ఎవరూ ఒక్క నోటుపుస్తకంలో రాసుకోలేదు. ఆ పని నేనైనా చేసి ఉండాల్సిందని కాదు, చెయ్యాలన్న ఆలోచన అప్పుడు ఊళ్లో ఎవరికీ లేదు. బసవన్న ఎప్పటికీ ఉంటుందనే అనుకున్నాం.

ఇప్పుడు మావైపు ఒంగోలు గిత్తని చూడాలంటే బండలాగుడు పందాలకి వెళ్లాలి. సంక్రాంతికో తిరునాళ్లకో మైదానం సిద్ధం చేస్తారు. పాలపళ్ల విభాగం, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, సేద్యపు విభాగం, సీనియర్లు అని జోళ్లని విడదీస్తారు. ఇచ్చిన సమయంలో బండను ఎన్ని అడుగులు లాగాయన్నదే లెక్క. నేను వెళ్తూనే ఉంటాను. చాలామందికి గిత్త బలం కనిపిస్తుంది, నాకు ముందు దాని చెవులు కనిపిస్తాయి. ఈలలకీ మైకుకీ బెదిరే జోడు మొదటి వరసలోనే దమ్ము పోగొట్టుకుంటుంది. నింపాదిగా ఉన్న జోడు చివరి నిమిషంలో కూడా ఇంకో అడుగు వేస్తుంది.

ఈమధ్య తెనాలి దగ్గర ఒక పందెంలో నాలుగు పళ్ల జోడుతో వచ్చిన కుర్రాడితో మాట కలిపాను. బాపట్ల వైపు అబ్బాయి. గిత్తలు చూడముచ్చటగా ఉన్నాయి. అడగకుండానే ఒకదాని గంగడోలు పట్టుకున్నాను, ఊరుకుంది. వీటి తండ్రి ఎవరిదని అడిగాను.

"మా సొంత ఆంబోతేనండి. బయటి ఆవులకి ఇవ్వం. అడిగేవాళ్లు చాలామందే ఉన్నారు, ఇస్తే మన జోడుకి విలువ ఉండదు గదండీ."

అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. లక్షలు పెట్టి కొన్నాడు, ఉలవలూ తవుడూ బాదంపప్పూ పెట్టి మేపుతున్నాడు. నేను మా బసవన్న గురించి చెప్పాను. కట్టు లేకుండా తిరిగేదని, ఏ ఆవుకైనా వెళ్లేదని, పైసా తీసుకునేవారు కాదని. అతను గిత్త మెడ మీద చెయ్యి వేసి శ్రద్ధగా విన్నాడు.

"మరి మేపేది ఎవరండీ?"

పడమటి వీధిలో మొదటిల్లు మాది అని మొదలుపెట్టి, పక్కిల్లు, ఆ పక్కిల్లు, గుడివీధి, కోమటిబజారు, కాలువ అవతలి పేట, ఏ ఇంట్లో గంజి, ఏ ఇంట్లో తవుడు, ఏ ఇంట్లో శుక్రవారం అరటిపళ్లు, వరసగా చెప్పుకుంటూ వచ్చాను. సగం ఊరు కూడా కాలేదు, నాలుగు పళ్ల విభాగం జోళ్లు రావాలని మైకులో పిలిచారు. "మిగతాది వచ్చాక చెప్పండి, ఇక్కడే ఉండండి" అని పగ్గాలు సర్దుకుని అతను గిత్తల్ని నడిపించుకుని వెళ్లాడు.